ఓర్వకల్లు నుంచి విశాఖకు ఎంత దూరం? ఎంతసేపు? – ఒక లెక్కల పాఠం



మన కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర కట్టిన విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించారు. మార్చి 28 నుంచి బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు విమానాలు మొదలయ్యాయి. బ్రిటిషు వారిని ఎదిరించి 1847లో కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు దానికి పెట్టారు. అప్పటి నుంచి మన పడమటి మండలాల పిల్లల నోట తరచుగా వినబడే మాట ఒకటుంది: "విమానమెక్కితే గంటలో వైజాగ్." ఆ మాటలో నిజమెంత, మరిచిపోయినదెంత అన్నది లెక్క కట్టి చూడటమే ఈ పాఠం ఉద్దేశం.

ఇది కేవలం సరదా లెక్క కాదు. పై చదువుల కౌన్సెలింగుకో, ఉద్యోగం ఇంటర్వ్యూకో పిలుపు వస్తుంది. ఎన్ని గంటలకు బయలుదేరాలి, దేనిలో పోవాలి, ఎంత డబ్బు పెట్టాలి అన్నది చెప్పడానికి మన ఇళ్ళల్లో చాలామందికి ముందు నడిచినవాళ్ళు ఉండరు. మా ఇంట్లోనూ డిగ్రీ పూర్తి చేసిన మొదటివాళ్ళం మేమే. కావున ఇంట్లో అడగలేని ప్రశ్నకు లెక్కల పుస్తకాన్ని అడగడం మేము అలవాటు చేసుకున్నాం. పదో తరగతి వాళ్ళకు అందేట్టుగా మొదటి భాగం, ఇంటర్ వాళ్ళకు రెండో భాగం రాశాం. మూడో భాగం నుంచి అందరికీ.

1. దూరం – పదో తరగతి పద్ధతి

భూమి మీద ప్రతి చోటుకు రెండు అంకెల చిరునామా ఉంటుంది. ఒకటి అక్షాంశం, రెండోది రేఖాంశం. మనకు కావలసినవి ఇవి:

ఓర్వకల్లు విమానాశ్రయం: ఉత్తర అక్షాంశం 15.71, తూర్పు రేఖాంశం 78.16
విశాఖ విమానాశ్రయం (నౌకాదళం వారి ఐ.ఎన్.ఎస్. డేగా దగ్గరిది): 17.72, 83.22
ఎమ్మిగనూరు: 15.77, 77.48

భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. దానిని 360 డిగ్రీలతో భాగిస్తే ఒక డిగ్రీకి 111 కి.మీ. వస్తుంది. 40,000 అన్న గుండ్రటి అంకె యాదృచ్ఛికంగా వచ్చింది కాదు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతును ఒక మీటరు అని మొదట ఫ్రాన్సు దేశంలో నిర్ణయించారు. మీటరు పుట్టిందే భూమి కొలత నుంచి.

ఉత్తర దక్షిణాల తేడా సులభం. 17.72 లోంచి 15.71 తీసేస్తే 2.01 డిగ్రీలు. దీనిని 111తో గుణిస్తే 223 కి.మీ.

తూర్పు పడమరల తేడా దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. 83.22 లోంచి 78.16 తీసేస్తే 5.06 డిగ్రీలు. ఇక్కడ కూడా 111తో గుణించి ఊరుకుంటే 562 కి.మీ. వస్తుంది. అది తప్పు. రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గర ఎడంగా ఉండి, ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. చీనీపండు తొనల గీతలు చూడండి. నడుమ వెడల్పు, రెండు కొసల్లో ఒకే చుక్క. ఎంత దగ్గరవుతాయో చెప్పేది ఆ చోటి అక్షాంశం కొసైన్ విలువ. మన రెండు చోట్ల సగటు అక్షాంశం సుమారు 16.7. దాని కొసైన్ 0.958. కావున 5.06 × 111 × 0.958 = 538 కి.మీ.

ఇప్పుడు 223 ఒక భుజం, 538 ఇంకొక భుజం. మనకు కావలసింది కర్ణం. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం:

223 వర్గం = 49,729
538 వర్గం = 2,89,444
మొత్తం = 3,39,173
వర్గమూలం = సుమారు 582 కి.మీ.

2. దూరం – ఇంటర్ పద్ధతి

పై లెక్కలో నేలను బల్లపరుపు అనుకున్నాం. ఐదారు వందల కిలోమీటర్ల దాకా దానివల్ల పెద్ద నష్టం లేదు. దూరం పెరిగితే గోళం సూత్రం వాడాలి. గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి, భూమి కేంద్రం గుండా కోసినట్టు ఏర్పడే పెద్ద వృత్తంలోని ముక్క. ఆ ముక్క కేంద్రం దగ్గర చేసే కోణం ఇలా వస్తుంది:

కోణం కొసైన్ = (మొదటి అక్షాంశం సైన్ × రెండో అక్షాంశం సైన్) + (మొదటి అక్షాంశం కొసైన్ × రెండో అక్షాంశం కొసైన్ × రేఖాంశాల తేడా కొసైన్)

మన అంకెలు వేస్తే 0.0824 + 0.9134 = 0.9958. ఈ కొసైన్ ఉన్న కోణం సుమారు 5.25 డిగ్రీలు. 111తో గుణిస్తే 583 కి.మీ. పదో తరగతి పద్ధతికీ దీనికీ ఒక్క కిలోమీటరే తేడా.

విమానాల వాళ్ళు, ఓడల వాళ్ళు కిలోమీటర్లలో కాక నాటికల్ మైళ్ళలో లెక్క వేస్తారు. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నాటికల్ మైలు, అనగా 1.852 కి.మీ. 5.25 ను 60తో గుణిస్తే 315 నాటికల్ మైళ్ళు. కోణం తెలిస్తే దూరం తెలిసినట్టే. అందుకే వాళ్ళు ఆ కొలతను వదలలేదు.

ఈ సూత్రం వెనుక మన ప్రాంతానికి చెందిన చరిత్ర కూడా ఉంది. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన పెద్ద సర్వే, దేశాన్ని త్రిభుజాలుగా విడగొట్టి కొలుస్తూ కన్యాకుమారి నుంచి ఉత్తరాన హిమాలయాల వైపు సాగింది. దాని వెన్నెముక 78వ రేఖాంశం. కర్నూలు పట్టణం దాదాపు ఆ గీత మీదనే ఉంది. మనం పుస్తకంలో చదివే త్రికోణమితిని మన కొండల మీద నిలబడి వాడారన్నమాట.

3. గాలిలో ఎంతసేపు?

ఓర్వకల్లు రన్‌వే పొడవు 2,000 మీటర్లు. ఇలాంటి చోట్లకు ఎక్కువగా తిరిగేవి ఏ.టి.ఆర్. 72 రకం విమానాలు. రెండు పంకాలతో, డెబ్భైకి పైగా సీట్లతో ఉంటాయి. పొట్టి రన్‌వే వీటికి చాలు. వీటి ప్రయాణ వేగం గంటకు సుమారు 510 కి.మీ.

583 ÷ 510 = 1.14 గంటలు, అనగా 69 నిమిషాలు. "గంటలో వైజాగ్" అన్న మాట పుట్టింది ఇక్కడే. అయితే 2021లో సర్వీసు మొదలైనప్పుడు ప్రకటించిన వేళల్లో ఈ ప్రయాణానికి సుమారు రెండు గంటలు పెట్టారు. మిగతా 50 నిమిషాలు ఎక్కడికి పోయాయి?

ఒకటి: విమానాల వేళలను "బ్లాక్ టైమ్" అనే పద్ధతిలో వేస్తారు. నిలబడిన విమానం చక్రాలకు వేసిన అడ్డుదిమ్మలు తీసినప్పుడు గడియారం మొదలవుతుంది. దిగి, నెమ్మదిగా నడిచి, మళ్ళీ దిమ్మలు వేశాకే ఆగుతుంది. నేల మీద నడిచే సమయం కూడా ఇందులో కలుస్తుంది.

రెండు: పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు 510 వేగం ఉండదు. మన ఆదోని కోట మెట్లు ఎక్కేవాడు చదును నేల మీద నడిచినంత వేగంగా పోలేడు కదా.

మూడు: విమానం స్కేలు పెట్టి గీసిన గీత మీద పోదు. కంట్రోలు టవరు వాళ్ళు చెప్పిన దారిలో పోవాలి. గాలికి ఎదురుగా దిగడం మంచిది కాబట్టి, గాలి వాటం బట్టి రన్‌వే అవతలి కొసకు చుట్టి రావలసి ఉంటుంది.

నాలుగు: ఆలస్యమైనా వేళకు చేరేట్టు కంపెనీలు కొంత వెసులుబాటు కలిపే టైమ్‌టేబుల్ వేస్తాయి.

583 కిలోమీటర్లను రెండు గంటలతో భాగించండి. 510 అనుకున్న వేగం 292కు దిగింది.

ఇంకొక చిన్న హెచ్చరిక. దేశం లోపల ఎక్కడికి పోయినా గడియారం ఒకటే కాబట్టి, దిగిన వేళలోంచి ఎక్కిన వేళ తీసేస్తే ప్రయాణ కాలం వస్తుంది. విశాఖలో సూర్యుడు మన కంటే సుమారు 20 నిమిషాలు ముందు నడినెత్తికి వస్తాడు, కానీ గడియారం మారదు. విదేశానికి ఈ తీసివేత పనికిరాదు. రాయలసీమ నుంచి ఎంతోమంది పోయే కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడికి పోయేటప్పుడు ప్రయాణం ఉన్నదానికంటే తక్కువగా, వచ్చేటప్పుడు ఎక్కువగా కనబడుతుంది.

4. గడప నుంచి గడపకు

ఇంతవరకు రెండు విమానాశ్రయాల మధ్య లెక్క చేశాం. మనం కాపురం ఉండేది విమానాశ్రయంలో కాదు.

మా జేజి ఆమడ, క్రోసు అని లెక్క చెప్పేది. ఆమడంటే సుమారు ఎనిమిది మైళ్ళు. మా నాయన ఆ మాటలూ వాడేవాడు కాదు. గుంటూరు వైపు మిరపకోతల సుగ్గికి పోయేటప్పుడు, "రాత్రి లారీ ఎక్కితే తెల్లారి దిగుతాం, పోనూ రానూ రెండు దినాల కూలి పోతుంది" అనేవాడు. ఎన్ని కిలోమీటర్లో ఆయనకు అక్కర లేదు. ఇంటి నుంచి చేను దాకా పట్టే కాలమూ, అందువల్ల పోయే కూలీ మాత్రమే ఆయన లెక్క. బడి చదువు లేని ఆ లెక్కే సరైనదని మేము ఎమ్మెస్సీలో చేరాక గుర్తించాం. కాలాన్ని గడప నుంచి గడపకు కొలవాలి.

ఎమ్మిగనూరు నుంచి ఓర్వకల్లు విమానాశ్రయానికి గీత గీస్తే 73 కి.మీ. అక్షాంశాలు దాదాపు ఒకటే, కావున నేరుగా తూర్పుకు ఉంటుంది. రోడ్డు మీద కర్నూలు దాకా పోయి, అక్కడ నంద్యాల రోడ్డు పట్టుకోవాలి. మొత్తం 90 కి.మీ. దాకా అవుతుంది. ఎమ్మిగనూరులో రైలుస్టేషను లేదు. బస్సు దిగి, ఇంకొక బండి ఎక్కి చేరాలి. ఇప్పుడు విశాఖ ప్రయాణం మొత్తం రాద్దాం:

ఇంటి నుంచి ఓర్వకల్లుకు, బండి మారే ఆలస్యంతో: 3 గంటలు
విమానాశ్రయంలో ముందుగా చేరి ఉండటం: 1 గంట 30 నిమిషాలు
విమానం, టైమ్‌టేబుల్ ప్రకారం: 2 గంటలు
దిగి, పెట్టె తీసుకొని, విశాఖలో చేరవలసిన చోటికి: 1 గంట
మొత్తం: 7 గంటల 30 నిమిషాలు

ఎమ్మిగనూరు నుంచి విశాఖకు సూటి దూరం 647 కి.మీ. ఏడున్నర గంటలతో భాగిస్తే గంటకు 86 కి.మీ. ఆకాశంలో 510 వేగంతో పోయే విమానం మన గడప నుంచి చూస్తే 86 వేగంతో పోతున్నది. విమానంలో కూర్చునేది మొత్తం కాలంలో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. మిగిలినదంతా నేల మీదే.

దీనికి ఇంకొకటి కలపాలి. మొదట్లో ఈ విమానం వారానికి నాలుగు రోజులే. మనకు పని ఉన్న రోజు విమానం లేకపోతే ముందురోజే పోయి అక్కడ ఉండాలి. అప్పుడు ఒక రాత్రి బస కూడా ప్రయాణ కాలమే. చిన్న విమానాశ్రయాల సర్వీసులు, వేళలు మారుతుంటాయి, కాబట్టి ఏ వారానికి ఆ వారం చూసుకోవాలి.

5. ఎంత దూరం దాటితే విమానం లాభం?

ఇది ఒక చిన్న సమీకరణం. గాలిలో సూటిగా పోయే సమయం తీసేస్తే మన ప్రయాణంలో మారని భాగం: 3 గంటలు + గంటన్నర + 50 నిమిషాలు + 1 గంట. దాదాపు 6.3 గంటలు. బస్సు, రైలు కలిపి సగటున గంటకు 50 కి.మీ. అనుకుందాం. విమానం 500 అనుకుందాం. రోడ్డు వంకరలను ఇక్కడ వదిలేస్తున్నాం. దూరం 'దూ' అయితే,

నేల మీద కాలం = దూ ÷ 50
విమానంతో కాలం = 6.3 + దూ ÷ 500

రెండూ సమానమయ్యే చోట: దూ × (0.020 – 0.002) = 6.3. కావున దూ = 350 కి.మీ.

అనగా ఎమ్మిగనూరు వాళ్ళకు 350 కి.మీ. లోపు ప్రయాణానికి విమానం వల్ల ఒక్క నిమిషం కూడా మిగలదు. అదే ఓర్వకల్లులో ఉన్నవాళ్ళకు మొదటి మూడు గంటలు ఉండవు. మారని భాగం 3.3 గంటలే. వాళ్ళకు హద్దు 183 కి.మీ. విమానం అదే, టికెట్టు అదే, లాభం మాత్రం వేరు. మనకు మంచి రోడ్డు, కర్నూలులో వేచి ఉండనక్కర లేని ఒక బస్సు వచ్చి ఆ మూడు గంటలు రెండైతే, హద్దు 350 నుంచి 294కు దిగుతుంది. విమానాశ్రయం కట్టినందువల్ల వచ్చే మేలు ఎవరికి ఎంత అన్నది, దాని దాకా పోయే బస్సు మీద ఆధారపడి ఉంటుందని ఈ లెక్క చెబుతుంది.

6. రెండు మారుమూల విమానాశ్రయాలు

ఇప్పుడు ఓర్వకల్లు నుంచి కడపకు చూద్దాం. కడప విమానాశ్రయం అక్షాంశం 14.51, రేఖాంశం 78.77. చిన్న పట్టణాలను విమానాలతో కలపడానికి కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఉడాన్ పథకం 2017 ఏప్రిల్ 27న మొదలైనప్పుడు కడప–హైదరాబాద్ మార్గం కూడా ఆ తొలి మార్గాలలో ఒకటి. గంటసేపటి ప్రయాణానికి కొన్ని సీట్లకు 2,500 రూపాయల పరిమితి పెట్టింది ఈ పథకంలోనే.

పై పద్ధతిలో చేస్తే ఓర్వకల్లు–కడప సూటి దూరం 148 కి.మీ. ఏ.టి.ఆర్. వేగంతో 17 నిమిషాలు. వినడానికి ఎంత బాగుంది! కానీ నేరుగా విమానం లేనప్పుడు చెన్నై మీదుగా పోవాలంటే 371 + 226, మొత్తం 597 కి.మీ. సూటి దూరానికి నాలుగు రెట్లు. మధ్యలో చెన్నైలో కాచుకోవడం వేరే. నేరుగా ఉన్నా 148 అన్నది 183 హద్దు లోపలే ఉంది కాబట్టి, ఓర్వకల్లు వాళ్ళకు కూడా లాభం లేదు. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా జాతీయ రహదారి మీద బస్సు ఎక్కడమే మేలు.

అలాగని దగ్గరి విమానాలన్నీ వృథా అనుకోకూడదు. స్కాట్లాండుకు ఉత్తరాన ఓర్క్నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే అని రెండు చిన్న దీవులున్నాయి. వాటి విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 2.7 కి.మీ. ప్రయాణానికి పెట్టిన సమయం రెండు నిమిషాలు. ప్రపంచంలో వేళలు ప్రకటించి నడిపే విమానాల్లో అతి పొట్టి ప్రయాణం అదే. మన లెక్క ప్రకారం అది నష్టమే కావాలి. కానీ అక్కడ మధ్యలో ఉన్నది సముద్రం, రోడ్డు లేదు. వైద్యులు, ఉపాధ్యాయులు దాని మీద తిరుగుతారు. మన సమీకరణంలో 50 అనే నేల వేగం చోటును బట్టి మారుతుందన్నమాట. అక్కడ అంకెలు వేరు, సూత్రం ఒకటే.

7. డబ్బుతో గంటలను కొలవడం

చివరి లెక్క ఇది. విమానానికి అన్ని ఖర్చులు కలిపి 3,000, బస్సు, రైలుకు 600 అవుతుందనుకుందాం. తేడా 2,400. నేల దారిన పదిహేడున్నర గంటలు అనుకుంటే, విమానం వల్ల మిగిలేది 10 గంటలు. అంటే ఒక గంటను 240 రూపాయలకు కొంటున్నాం.

కొనవచ్చా? ఇంట్లో రోజు కూలి ఎంతో తెలిసినవాళ్ళు తమకు తామే చెప్పుకోగలరు. ఆ పది గంటల్లో ఏడు గంటలు రైలులో నిద్రపోయేవే అయితే అవి పోయిన గంటలు కావు. వారం ముందు పిలుపు వస్తే రైలే సరి. ఈ రోజు సాయంత్రం సమాచారం తెలిసి, రేపు మధ్యాహ్నం సర్టిఫికెట్లతో హాజరు కావాలంటే, ఆ గంటల విలువ 240 కాదు. సీటు పోతే ఒక సంవత్సరం పోతుంది. అప్పుడు అప్పు చేసైనా విమానం ఎక్కడం దుబారా అనిపించుకోదు. అయితే ఆ రోజు విమానం ఉందా, దాని వేళకు మన బస్సు అందుతుందా అన్నది ముందు చూసుకోవాలి.

మీరే చేసి చూడండి

1. బెంగళూరు విమానాశ్రయం 13.20, 77.71. ఓర్వకల్లు నుంచి సూటి దూరమెంత? (సగటు అక్షాంశం కొసైన్ 0.968)

2. బళ్ళారి జిల్లా తోరణగల్లు దగ్గరి విమానాశ్రయం 15.17, 76.63. సూటి దూరంలో ఎమ్మిగనూరుకు ఓర్వకల్లు దగ్గరా, తోరణగల్లు దగ్గరా? (కొసైన్ 0.964)

3. ఆదోని వాళ్ళకు ఓర్వకల్లు చేరడానికి ఎమ్మిగనూరు వాళ్ళకంటే ఒక గంట ఎక్కువ పడితే, వాళ్ళకు విమానం లాభించే హద్దు ఎంత?

4. విశాఖకు పోయేటప్పుడు గంటకు 50 కి.మీ. వేగంతో వెనుక గాలి, వచ్చేటప్పుడు అదే ఎదురుగాలి. పోనూ రానూ కలిపితే గాలి లేని రోజుకు సమానమేనా?

జవాబులు: 1) సుమారు 283 కి.మీ. 2) ఓర్వకల్లు 73, తోరణగల్లు 113. ఓర్వకల్లే దగ్గర. 3) 7.3 ÷ 0.018 = సుమారు 406 కి.మీ. 4) కాదు. పోయేటప్పుడు 62.5 నిమిషాలు, వచ్చేటప్పుడు 76, మొత్తం 138.5. గాలి లేకపోతే 137. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి, వెనుక గాలి మిగిల్చిన దానికంటే ఎదురుగాలి తినేదే ఎక్కువ.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీకు పిలుపు వచ్చిన రోజు ఒక తెల్ల కాగితం తీసుకొని ఐదు వరుసలు రాయండి: ఇంటి నుంచి ఎక్కే చోటికి, అక్కడ వేచి ఉండటం, ప్రయాణం, దిగిన చోటి నుంచి పని ఉన్న చోటికి, ఆలస్యానికి ఒక గంట. కూడండి. చేరవలసిన వేళలోంచి ఆ మొత్తాన్ని తీసేయండి. వచ్చిన వేళకు గడప దాటండి. విమానమైతే కౌంటరు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు జేబులో, ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతి సంచిలో ఉండాలి. లెక్కలో ఎక్కడైనా చిక్కుపడితే మాకు చూపించండి, సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడు కలిసి చేద్దాం.